సౌర, పవన ప్రాజెక్టులకు చోటిచ్చే టౌన్‌షిప్‌లకు మిషిగన్ రాష్ట్ర తోడ్పాటు: ఒక సమీక్ష

మిషిగన్ రాష్ట్రంలోని ఒక టౌన్‌షిప్ తన పొలిమేరలో పెద్ద సౌర విద్యుత్ కేంద్రాన్నో, గాలిమరలనో, బ్యాటరీ నిల్వ కేంద్రాన్నో అనుమతించాలా వద్దా, అనుమతిస్తే ఏ షరతులతో అనుమతించాలి అని తేల్చుకోవలసి వచ్చినప్పుడు రాష్ట్రం దానికి కొన్ని రూపాల్లో అండగా నిలుస్తున్నది. జోనింగ్ నియమాలు రాసుకోవడానికి నిపుణుల సలహా ఒకటి, ప్రాజెక్టును స్థానికంగానే ఆమోదించిన చోటికి నగదు పురస్కారం మరొకటి, వ్యవహారం రాష్ట్ర కమిషన్ ముందుకు వెళితే అక్కడ తన మాట వినిపించుకోవడానికి చట్టం ఇప్పించే ఖర్చు ఇంకొకటి. ఒక వ్యవసాయ టౌన్‌షిప్ ప్లానింగ్ కమిషన్ సభ్యుడిగా నేను ఈ సహాయాన్ని అందుకునే వైపు కూర్చున్నవాణ్ణి కాబట్టి, వాడిన సేవను వినియోగదారు ఎలా తూకం వేస్తాడో అలాగే దీన్ని తూకం వేయదలచాను. నా అభిప్రాయం ముందే చెబుతాను. ఇందులో అన్నిటికన్నా తక్కువ ఖర్చుతో నడిచే భాగం, అంటే నిర్ణయానికి ముందు దొరికే సలహా, అన్నిటికన్నా విలువైనది. అన్నిటికన్నా ఎక్కువ డబ్బు కేటాయించిన భాగం, అంటే నిర్ణయం తర్వాత వచ్చే పురస్కారం, మంచి ఉద్దేశంతో పుట్టినదే అయినా, అవసరం తీరిపోయాక చేతికి వస్తున్నది.

టౌన్‌షిప్ అంటే ఏమిటో ఇక్కడ కొంత చెప్పడం అవసరం. మిషిగన్‌లో 1,240 టౌన్‌షిప్‌లు ఉన్నాయి. పాత సర్వేల ప్రకారం గీసిన ఒక్కొక్కటి దాదాపు ఆరు మైళ్ల పొడవు, ఆరు మైళ్ల వెడల్పు ఉంటుంది. తెలుగు కుటుంబాలు పెద్ద సంఖ్యలో స్థిరపడిన కాంటన్ కూడా చట్టం దృష్టిలో టౌన్‌షిప్పే. అయితే నగరంలా పెరిగిన కాంటన్‌కు ఉన్నట్టు సొంత ప్లానింగ్ విభాగం, పూర్తికాలపు ఉద్యోగులు గ్రామీణ టౌన్‌షిప్‌లకు ఉండరు. అక్కడ ఎన్నికైన సూపర్‌వైజర్, అంటే టౌన్‌షిప్ అధిపతి, పగలు మొక్కజొన్న, సోయా చేలలో పని చేసుకుని సాయంత్రం సమావేశానికి వచ్చే రైతు కావచ్చు. క్లర్కు వారానికి కొన్ని గంటలే కార్యాలయం తెరవవచ్చు. ప్లానింగ్ కమిషన్‌లో కూర్చునేది ఊరివాళ్లే. పరిమాణంలోనూ సాధనసంపత్తిలోనూ మన గ్రామ పంచాయతీకి దగ్గరగా కనిపించే ఈ సంస్థ చేతిలో, పంచాయతీకి లేనంత బలమైన జోనింగ్ అధికారం ఉంటుంది. ఎవరి భూమిలో ఏమి కట్టవచ్చు, రోడ్డు నుంచి ఎంత దూరం వదలాలి, ఎంత ఎత్తు దాటకూడదు అన్నవి అది నిర్ణయిస్తుంది. డెట్రాయిట్ చుట్టుపక్కల ట్రాయ్, నోవై, కాంటన్‌లలో మన ఇళ్లలో వెలిగే దీపాలకు ఇకమీదట వచ్చే విద్యుత్తులో పెద్ద వాటా ఇలాంటి టౌన్‌షిప్‌ల పొలాల్లో తయారు కావలసిందే కనుక, అక్కడి నిర్ణయాలు శివారు కాలనీల్లో ఉండే మనకు కూడా సంబంధించినవే.

ఈ తోడ్పాటు అవసరం ఎందుకు వచ్చిందో తెలియాలంటే 2023 నవంబరు 28న గవర్నర్ గ్రెచెన్ విట్మర్ సంతకం చేసిన చట్టాలను చూడాలి. వాటిలో 235వ చట్టం విద్యుత్ సంస్థలు తమ సరఫరాలో పునరుత్పాదక విద్యుత్తు వాటాను 2030కి 50 శాతానికి, 2035కి 60 శాతానికి పెంచాలనీ, 2040కి మొత్తం సరఫరా శుద్ధ విద్యుత్తే కావాలనీ విధించింది. 233వ చట్టం, ఆ విద్యుత్తుకు కావలసిన కేంద్రాలను ఎక్కడ పెట్టాలో నిర్ణయించే విధానాన్ని మార్చింది. 2024 నవంబరు 29 నుంచి అమల్లోకి వచ్చిన ఈ చట్టం ప్రకారం 50 మెగావాట్లు లేదా అంతకు మించిన సౌర కేంద్రం, 100 మెగావాట్లు లేదా అంతకు మించిన పవన కేంద్రం, కనీసం 50 మెగావాట్ల సామర్థ్యంతో కనీసం 200 మెగావాట్ అవర్ల నిల్వ ఉన్న బ్యాటరీ కేంద్రం కట్టదలచిన కంపెనీ, కొన్ని పరిస్థితుల్లో స్థానిక అనుమతిని పక్కనపెట్టి రాష్ట్ర రాజధాని లాన్సింగ్‌లోని మిషిగన్ పబ్లిక్ సర్వీస్ కమిషన్‌కు (విద్యుత్ సంస్థలను నియంత్రించే రాష్ట్ర సంస్థకు) దరఖాస్తు చేసుకోవచ్చు. అంటే టౌన్‌షిప్ 'కాదు' అన్నంత మాత్రాన వ్యవహారం అక్కడితో ఆగదు. అధికారంలో కొంత భాగాన్ని రాష్ట్రం తన చేతికి తీసుకున్నది కనుక, మిగిలిన భాగాన్ని సరిగా వాడుకునేందుకు సహాయం చేయవలసిన బాధ్యత కూడా రాష్ట్రానిదే అవుతుంది. నేను ఈ సేవను కొలిచేది ఈ కొలతతోనే.

ముందుగా నిపుణుల సలహా సంగతి. రాష్ట్ర పర్యావరణ శాఖ, మిషిగన్ విశ్వవిద్యాలయంలోని గ్రాహమ్ సస్టైనబిలిటీ ఇన్‌స్టిట్యూట్, మిషిగన్ స్టేట్ విశ్వవిద్యాలయపు ఎక్స్‌టెన్షన్ విభాగం (విశ్వవిద్యాలయ పరిజ్ఞానాన్ని ఊళ్లకు చేర్చే విభాగం) కలిసి స్థానిక అధికారులకు శిక్షణ, మార్గదర్శకాలు, నమూనా నియమాలు అందుబాటులో ఉంచుతున్నాయి. 2021లో ఈ రెండు విశ్వవిద్యాలయాల వారు సౌర విద్యుత్తుకు సంబంధించిన ప్రణాళిక, జోనింగ్‌లపై స్థానిక ప్రభుత్వాల కోసం ఒక మార్గదర్శిని తెచ్చారు. ఆ మార్గదర్శినిలో నాకు అన్నిటికన్నా నచ్చినది, అది ఏ నిబంధననూ 'ఇదే పెట్టండి' అని శాసించదు. ఇంటి పైకప్పు మీది పలకలకూ, పొలంలో పెట్టే చిన్న వ్యవస్థకూ, వందల ఎకరాల కేంద్రానికీ ఒకే నియమం వర్తింపజేయడం ఎందుకు పొరపాటో వివరిస్తుంది. నమూనా వాక్యం పక్కనే, ఆ వాక్యంలోని అంకెను మార్చుకునే ముందు ఏమి ఆలోచించాలో వ్యాఖ్య రూపంలో చెబుతుంది. న్యాయభాషకు అలవాటు లేని సభ్యుడికి ఆ వ్యాఖ్యే అసలైన పాఠం.

దీని విలువ ఏమిటో నాకు తెలిసినది ఒక పోలిక వల్ల. మా టౌన్‌షిప్ తన ఆర్డినెన్స్‌ను, అంటే జోనింగ్ నియమాలున్న స్థానిక చట్టాన్ని, తిరగరాసే పనిని మొదట ఒక ప్రైవేటు సలహా సంస్థకు అప్పగించింది. వాళ్లు ఇచ్చిన ముసాయిదాను నేను ఇంట్లో భోజనాల బల్ల మీద పరచుకుని చదువుతుంటే, మా టౌన్‌షిప్‌లో లేని సరస్సు తీరానికి వర్తించే రక్షణ నియమం అందులో కనిపించింది. రెండు పుటల తర్వాత మరో టౌన్‌షిప్ పేరే దర్శనమిచ్చింది. ఎక్కడో వాడిన ముసాయిదాలో పేరు మార్చి ఇచ్చారన్నది స్పష్టం. అంతకన్నా ప్రమాదకరమైన లోపం మాత్రం చదవగానే కనిపించేది కాదు. సౌర పలకల గరిష్ఠ ఎత్తును ఆ ముసాయిదా 12 అడుగులకు పరిమితం చేసింది. సూర్యుడి వెంట తిరిగే పలకలు పూర్తిగా వంగినప్పుడు వాటి అంచు అంతకన్నా పైకి లేచే అవకాశం ఉంది. చట్టం ఆ ఎత్తును 25 అడుగుల దాకా అనుమతిస్తున్నది. ఆ 12 అడుగుల నియమంతో ఆర్డినెన్స్‌ను ఆమోదించి ఉంటే, మేము చట్టం కన్నా కఠినమైన నియమం పెట్టినట్టయ్యేది. అనుమతి విషయం మా చేతిలోనే ఉంచుకోవాలనే మా ప్రయత్నం మాకు తెలియకుండానే బెడిసికొట్టేది. విశ్వవిద్యాలయ మార్గదర్శకాలను పక్కన పెట్టుకుని వాక్యం వాక్యం పోల్చి చూడడం వల్లనే ఆ లోపం ఓటింగుకు ముందే బయటపడింది. ప్రైవేటు సలహాకు టౌన్‌షిప్ డబ్బు చెల్లించింది, మార్గదర్శకాలు ఉచితంగా దొరికాయి. ఏది మాకు పనికి వచ్చిందో వేరే చెప్పనక్కరలేదు.

ఇక్కడ చట్టంలోని ఒక ముఖ్యమైన మెలికను విడమరచి చెప్పాలి, ఎందుకంటే సలహా అవసరం మొత్తం దాని చుట్టూనే తిరుగుతుంది. రాష్ట్ర చట్టంలో ఉన్న ప్రమాణాల కన్నా కఠినంగా లేని స్థానిక ఆర్డినెన్స్‌ను చట్టం 'అనుగుణమైన ఆర్డినెన్స్'గా గుర్తిస్తుంది. టౌన్‌షిప్‌కు మొదటి దారి అలాంటిది రాసుకోవడం. అది ఉన్నదని సకాలంలో తెలియజేస్తే, కంపెనీ ముందుగా టౌన్‌షిప్‌కే దరఖాస్తు చేయాలి. దరఖాస్తుపై నిర్ణయానికి టౌన్‌షిప్‌కు 120 రోజుల గడువు ఉంటుంది, ఇరుపక్షాలూ ఒప్పుకుంటే ఇంకో 120 రోజులు పొడిగించుకోవచ్చు. గడువులోగా తేల్చకపోయినా, ప్రమాణాలకు సరిపోయిన దరఖాస్తును తిరస్కరించినా కంపెనీ కమిషన్‌కు వెళ్లవచ్చు. అలా వెళ్లిన దరఖాస్తును కమిషన్ ఆమోదిస్తే, ఆ టౌన్‌షిప్ ఆర్డినెన్స్‌కు ఇక 'అనుగుణమైనది' అనే హోదా ఉండదు. రెండో దారి, చట్టంతో అక్షరాలా సరిపోకపోయినా కంపెనీలు సహజంగా ఒప్పుకోగలిగిన, ఆచరణలో నడిచే నియమాలు రాసుకోవడం. లాన్సింగ్‌కు వెళ్లి సంవత్సరం పాటు వాదించడం కన్నా స్థానికంగా కొన్ని అదనపు షరతులకు తలొగ్గడమే మేలని చాలా కంపెనీలు లెక్కవేసుకుంటాయని ఈ దారిని ఎంచుకున్నవారి ఆశ. మూడో దారి, ఏమీ చేయకుండా ఉండడం. ఈ మూడింటిలో ఏది ఎంచుకోవాలన్నది ప్రతి టౌన్‌షిప్ సొంతంగా తేల్చుకోవలసిన ప్రశ్న. ఒక్కొక్క దారిలో ఏమి దక్కుతుందో, ఏమి పోతుందో పక్షపాతం లేకుండా చెప్పగలిగినవారు ఉండడం చాలా అవసరం. కంపెనీ ప్రతినిధీ వ్యతిరేక సంఘం న్యాయవాదీ ఎవరి వైపు నుంచి వారు చెబుతారు. రెండు వైపులకూ చెందని గొంతు విశ్వవిద్యాలయ ఎక్స్‌టెన్షన్ ఉద్యోగిదే.

ఆ సలహా నాణ్యతకు ఇంకో ఉదాహరణ చెబుతాను. మిషిగన్ చేలల్లో చాలావాటి కింద, భూమిలోని అదనపు నీటిని లాగి కాలువలోకి పంపే గొట్టాలు పరచి ఉంటాయి. పాతవి మట్టితో చేసినవి, కొత్తవి ప్లాస్టిక్‌వి. తాతల కాలంలో వేసిన గొట్టాలు ఎక్కడెక్కడ ఉన్నాయో కాగితం మీద చాలాసార్లు దొరకదు. సౌర పలకలను నిలబెట్టే ఇనుప దిమ్మెలను యంత్రంతో భూమిలోకి దించేటప్పుడు ఒకటి అలాంటి గొట్టం గుండా దిగితే, నీరు నిలిచేది ప్రాజెక్టు స్థలంలోనే కాకపోవచ్చు, పక్క రైతు చేనులో కావచ్చు. బహిరంగ విచారణలో ఒక పెద్దాయన తన బూటు మడమతో నేలను తట్టి, 'మీ పలకల సంగతి తర్వాత, నా చేనులో నీళ్లు నిలిస్తే ఎవరిని పిలవాలి' అని అడిగినప్పుడు గదిలో ఎవరి దగ్గరా సమాధానం లేదు. 233వ చట్టం కింద కమిషన్‌కు వెళ్లే దరఖాస్తులో వర్షపునీటి అంచనా, మురుగు వ్యవస్థకు కలిగే నష్టాన్ని కంపెనీ తన ఖర్చుతోనే సరిచేసే ప్రణాళిక ఉండాలి. కౌంటీలో ఎన్నికయ్యే డ్రెయిన్ కమిషనర్‌తో సంప్రదించేందుకు కంపెనీ ప్రయత్నించాలి కూడా. ఇదే కోవలో స్థానిక అనుమతిలోనూ నిర్మాణానికి ముందే గొట్టాలను గుర్తించి పటం తయారు చేయించే షరతు పెట్టవచ్చని మాకు సలహా వచ్చింది. ఆ పెద్దాయన ప్రశ్నకు అది పూర్తి జవాబు కాదు. అయినా అడిగినవారికి చూపించడానికి మా చేతిలో ఒక కాగితం ఉండేలా చేసింది.

ఇక డబ్బు సంగతి. 'రెన్యూవబుల్స్ రెడీ కమ్యూనిటీస్ అవార్డు' పేరుతో రాష్ట్ర పర్యావరణ శాఖ నడిపే పథకం, పెద్ద సౌర, పవన, నిల్వ కేంద్రాలకు స్థానిక ప్రక్రియ ద్వారానే ఆమోదం ఇచ్చి చోటిచ్చిన స్థానిక ప్రభుత్వాలకు మెగావాట్‌కు 5,000 డాలర్ల వరకు, ఒక ప్రాజెక్టుకు గరిష్ఠంగా 30 లక్షల డాలర్ల వరకు ఇస్తుంది. రాష్ట్రం మొదట 3 కోట్ల డాలర్లు కేటాయించింది. 2024 జూలైలో కేంద్ర పర్యావరణ సంస్థ కాలుష్య తగ్గింపు గ్రాంట్ల కింద మిషిగన్‌కు 12.9 కోట్ల డాలర్లు ప్రకటించడంతో ఆ పని పరిధి పెరిగింది. 100 మెగావాట్ల సౌర కేంద్రానికి చోటిచ్చిన టౌన్‌షిప్‌కు 5 లక్షల డాలర్లు వస్తాయన్నమాట. ఒక అగ్నిమాపక వాహనం కొనడానికో, కమ్యూనిటీ హాలు బాగుచేయడానికో ఎన్నేళ్లుగానో డబ్బు కూడబెడుతున్న చిన్న టౌన్‌షిప్‌కు ఇది చిన్న మొత్తం కాదు. ఈ విషయంలో రాష్ట్రం ఉదారంగానే ఉన్నదని ఒప్పుకోవాలి.

నా అభ్యంతరం మొత్తం గురించి కాదు, షరతు గురించి. పురస్కారం 'అవును' అన్నవారికే వస్తుంది. స్థానికంగా ఆమోదించకపోతే, కమిషన్ తర్వాత అదే ప్రాజెక్టును అదే పొలంలో అనుమతించినా రాదు. ఇందులో రాష్ట్రం ఆలోచన నాకు అర్థమవుతుంది. నిర్ణయం లాన్సింగ్‌లో కాకుండా ఊళ్లోనే జరగాలని ప్రోత్సహించడమే దాని ఉద్దేశం, ఆ ఉద్దేశం మంచిదే. కానీ విచారణ గదిలో ఈ డబ్బు ప్రస్తావన వచ్చిన మరుక్షణం జరిగేది వేరు. అంతవరకు శబ్దం గురించి, మురుగు గొట్టాల గురించి, కంచె గురించి మాట్లాడుతున్నవాళ్లు బోర్డు సభ్యుల వైపు తిరిగి 'అయితే ధర ముందే తేలిపోయిందన్నమాట' అంటారు. న్యాయంగా విని న్యాయంగా తేల్చడానికి కూర్చున్న బోర్డు మీద, తేల్చకముందే ఒక అనుమానం పడుతుంది. మాంట్‌కాల్మ్ కౌంటీలో గాలిమరల వివాదం ముదిరి, 2022 నవంబరు ఎన్నికల్లో కొందరు టౌన్‌షిప్ అధికారులను ఓటర్లు పదవి నుంచి తొలగించిన రాష్ట్రం ఇది. హ్యూరాన్ కౌంటీలో అప్పటికే వందల గాలిమరలు తిరుగుతున్నా, 2017 మే నెలలో ఓటర్లు కొత్త పవన ప్రాజెక్టులను తిరస్కరించారు. ఇలాంటి చోట అధికారుల నిష్పాక్షికతపై మచ్చ పడే ఏ ఏర్పాటైనా, ఎంత మంచి ఉద్దేశంతో పెట్టినా, ప్రాజెక్టులకే చేటు చేస్తుంది.

అదీగాక, ఊరి ఖజానాకు అసలైన ఆధారం ఒక్కసారి వచ్చే పురస్కారం కాదు, ఏటా వచ్చే పన్ను. ఈ విషయంలో రాష్ట్రం చేసిన మంచి పనికి తగినంత ప్రచారం లేదు. 2023లోనే వచ్చిన సౌర పన్నుల చట్టం కింద, సౌర విద్యుత్ జిల్లాగా ఏర్పాటైన చోట, కంపెనీ సాధారణ ఆస్తి పన్నుకు బదులు మెగావాట్‌కు ఏటా 7,000 డాలర్లు చెల్లించవచ్చు. ఆ లెక్కన 100 మెగావాట్ల కేంద్రం నుంచి ఏటా 7 లక్షల డాలర్లు వస్తాయి. వాటిని టౌన్‌షిప్, కౌంటీ, పాఠశాలలు మొదలైన పన్ను సంస్థలు పంచుకుంటాయి. ఎంత వస్తుందో ముందే తెలిసి, తరుగుదల పేరుతో తగ్గిపోకుండా వచ్చే ఈ రాబడికి గ్రామీణ మిషిగన్‌లో ప్రత్యేకమైన విలువ ఉంది. గాలిమరలతో వాళ్లకు ఎదురైన చేదు అనుభవమే అందుకు కారణం. 2011లో రాష్ట్ర పన్నుల కమిషన్ గాలిమరల తరుగుదల పట్టికను మార్చి వాటి విలువ వేగంగా పడిపోయేలా చేయడంతో, ప్రాజెక్టులను ఒప్పుకున్నప్పుడు లెక్కవేసుకున్న రాబడి చేతికి రాలేదు. కౌంటీలు, టౌన్‌షిప్‌లు ఒక వైపు, విద్యుత్ సంస్థలు మరో వైపు ఏళ్ల తరబడి పన్ను ట్రిబ్యునల్‌లో తలపడ్డాయి. 'అప్పుడు మాట ఇచ్చి తర్వాత మార్చారు' అనే వాక్యం సౌర ప్రాజెక్టుల విచారణల్లో కూడా వినిపించడానికి మూలం అక్కడే ఉంది. సౌర విద్యుత్తు విషయంలో అంకెను చట్టంలోనే బిగించడం ఆ గాయానికి సరైన మందు. గాలిమరలకూ ఇలాంటి స్థిరమైన ఏర్పాటు కావాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను.

233వ చట్టం కింద కమిషన్ అనుమతి పొందిన ప్రాజెక్టుల నుంచి కూడా స్థానిక ప్రభుత్వానికి కొంత దక్కుతుంది. చోటిచ్చిన టౌన్‌షిప్‌తో కుదుర్చుకునే ఒప్పందం ప్రకారం కేంద్రం పని మొదలుపెట్టినప్పుడు కంపెనీ మెగావాట్‌కు 2,000 డాలర్లు చెల్లించాలి. పోలీసు, అగ్నిమాపక, ప్రజాభద్రత అవసరాలకు, ఇతర మౌలిక సదుపాయాలకు దాన్ని వాడుకోవచ్చు. ఇది పెద్ద మొత్తం కాకపోయినా, స్థానికంగా ఓడిపోయిన ఊరు ఉత్త చేతులతో మిగలకుండా చూస్తుంది. అందుకు నేను దీన్ని మెచ్చుకుంటాను.

కమిషన్ ముందు వాదించుకోవడానికి ఇప్పించే ఖర్చు దగ్గరికి వచ్చేసరికి నా మెప్పు తగ్గుతుంది. కంపెనీ కమిషన్‌కు దరఖాస్తు పెట్టినప్పుడు ప్రభావిత స్థానిక ప్రభుత్వం ఒక్కొక్కదానికి 75,000 డాలర్లకు మించకుండా, మొత్తం మీద 1,50,000 డాలర్లకు మించకుండా, కమిషన్ నిర్ణయించిన మొత్తాన్ని ఒక్కసారి ఇవ్వాలి. న్యాయవాదులకు, శబ్ద నిపుణులకు, భూగర్భజల నిపుణులకు ఆ డబ్బు సరిపోతుందా అన్నది ఒక ప్రశ్న. అంతకన్నా పెద్ద ప్రశ్న అది ఎప్పుడు వస్తుందన్నది. నిపుణుడి సహాయం అన్నిటికన్నా అవసరమైనది, ఆర్డినెన్స్ రాస్తున్నప్పుడు, కంపెనీ మొదటి పటం బల్ల మీద పరచినప్పుడు. చట్టం డబ్బు ఇప్పిస్తున్నది మాత్రం స్థానిక దశ ముగిసి, అభిప్రాయాలు గట్టిపడి, రెండు పక్షాలూ న్యాయవాదుల వెనుక నిలబడిన తర్వాత. మొదటి దశలోనే ఇందులో పావు వంతు ఖర్చు పెట్టగలిగితే కొన్ని వ్యవహారాలు కమిషన్ గడప తొక్కవలసిన అవసరమే ఉండకపోవచ్చు.

న్యూయార్క్ రాష్ట్రంతో పోలిస్తే ఈ తేడా ఇంకా స్పష్టమవుతుంది. అక్కడ 2020లో వచ్చిన చట్టం 25 మెగావాట్లు, అంతకు మించిన ప్రాజెక్టుల అనుమతిని రాష్ట్ర కార్యాలయానికి అప్పగించింది. ఆ కార్యాలయానికి, మితిమీరిన భారంగా ఉన్న స్థానిక నియమాన్ని పక్కనపెట్టే అధికారం కూడా ఉంది. అధికారాన్ని పైకి తీసుకోవడంలో న్యూయార్క్ మిషిగన్ కన్నా ఒక అడుగు ముందే ఉన్నది. కానీ కంపెనీ జమచేసే మెగావాట్‌కు 1,000 డాలర్ల నిధి నుంచి స్థానిక ప్రభుత్వాలు, స్థానిక సంఘాలు ప్రక్రియలో పాల్గొనేందుకు డబ్బు పొందగలవు, వాళ్లు అనుకూలమో వ్యతిరేకమో అన్న షరతు దానికి లేదు. చోటిచ్చిన ఊరిలోని విద్యుత్ వినియోగదారుల బిల్లుల్లో పదేళ్ల పాటు తగ్గింపు వచ్చేలా సౌర ప్రాజెక్టులు మెగావాట్‌కు ఏటా 500 డాలర్లు, పవన ప్రాజెక్టులు 1,000 డాలర్లు చెల్లించాలన్న నియమమూ ఉంది. బోర్డు ఖాతాలో పడే పెద్ద మొత్తం కన్నా ఇంటి బిల్లు మీద కనిపించే చిన్న మొత్తం పొరుగువాళ్లకు ఎక్కువగా అర్థమవుతుంది. మిషిగన్ ఈ పద్ధతిని తీసుకోకపోవడం నాకు లోటుగానే తోస్తున్నది.

చట్టంలోని సాంకేతిక ప్రమాణాల మీద నాకు పెద్దగా ఫిర్యాదు లేదు. సౌర పలకలకు పొరుగువారి ఇంటి నుంచి 300 అడుగులు, రోడ్డు హద్దు నుంచీ పొరుగువారి ఆస్తి హద్దు నుంచీ 50 అడుగులు సెట్‌బ్యాక్ (ఖాళీగా వదలవలసిన దూరం) పెట్టారు. పొరుగు ఇంటి బయటి గోడ దగ్గర గంట సగటు శబ్దం 55 డెసిబెల్స్ దాటకూడదు. గాలిమరలకు పొరుగు ఇంటి నుంచి వాటి ఎత్తుకు 2.1 రెట్లు దూరం ఉండాలి, తిరిగే రెక్కల నీడ ఇంటి మీద పడే సమయం ఏడాదికి 30 గంటలు మించకూడదు. ఈ అంకెల్లో ఒకటీ రెండూ ఇంకొంచెం గట్టిగా ఉంటే బాగుండేదని నాకూ ఉంది, ముఖ్యంగా నిశ్శబ్దమైన పల్లె రాత్రికి 55 డెసిబెల్స్ ఎక్కువ. ప్రాజెక్టు జీవితకాలం ముగిశాక స్థలాన్ని బాగుచేయడానికి పెట్టిన ఆర్థిక హామీ నియమం మాత్రం ఆలోచించి రాసినది. పూర్తిస్థాయి ఉత్పత్తి మొదలయ్యేనాటికి కనీసం 25 శాతం, ఐదో ఏడాది మొదలయ్యేసరికి 50 శాతం, పదో ఏడాదికి మొత్తం హామీ ఉండాలి. కంపెనీ చేతులెత్తేస్తే పలకలు ఎవరు తీస్తారు అని విచారణల్లో అడిగే ప్రశ్నకు ఇది గట్టి సమాధానం. వ్యవసాయ భూమి సంరక్షణ ఒప్పందం కింద ఉన్న పొలాల్లో సౌర కేంద్రం పెట్టుకోవచ్చని రాష్ట్ర వ్యవసాయ శాఖ 2019లో ఇచ్చిన వెసులుబాటు కూడా ఇలాంటి మంచి ఆలోచనే. పలకల కింద తేనెటీగలు, ఇతర పరాగవాహక కీటకాలు బతికే మొక్కల ఆచ్ఛాదన ఉండాలనీ, అందుకోసం రూపొందించిన పట్టికలో కనీసం 76 మార్కులు రావాలనీ ఆ వెసులుబాటుకు షరతు ఉంది. చెర్రీ, ఆపిల్ తోటలున్న రాష్ట్రంలో ఈ షరతు అలంకారప్రాయం కాదు.

233వ చట్టాన్ని అమలు చేసే విధానంపై కమిషన్ 2024 అక్టోబరులో ఇచ్చిన ఉత్తర్వును డజన్ల కొద్దీ టౌన్‌షిప్‌లు, కొన్ని కౌంటీలు అప్పీలు కోర్టులో సవాలు చేశాయి. 'ప్రభావిత స్థానిక ప్రభుత్వం' అంటే ఎవరు, 'అనుగుణమైన ఆర్డినెన్స్' అంటే ఏమిటి అన్న విషయాల్లో కమిషన్ చెప్పిన అర్థం చట్టం అక్షరాన్ని దాటిపోయిందన్నది వాళ్ల వాదన. ఆ వాదనలో బలం ఎంత ఉన్నా, సహాయం అందిస్తున్న రాష్ట్రాన్నే సహాయం అందుకోవలసినవాళ్లు కోర్టుకు ఈడ్చవలసి వచ్చిందంటే సంప్రదింపుల్లో ఏదో కొరవడింది. నియమాల అర్థం విషయంలో గ్రామీణ బోర్డులతో ఇంకొంత కాలం కూర్చుని మాట్లాడి ఉంటే బాగుండేది.

ఈ సేవను ఇప్పుడున్న రూపంలో వాడుకోదలచిన టౌన్‌షిప్‌లకు నా సిఫారసు ఇది. కంపెనీ రాకముందే విశ్వవిద్యాలయ ఎక్స్‌టెన్షన్ విభాగాన్ని సంప్రదించండి, వాళ్ల మార్గదర్శిని పక్కన పెట్టుకుని మీ ఆర్డినెన్స్‌లోని ప్రతి అంకెనూ చట్టంలోని అంకెతో పోల్చండి. ప్రైవేటు సలహా సంస్థను పెట్టుకున్నా ఈ పని మీరే చేయండి. పురస్కారం డబ్బు గురించి విచారణ మొదట్లోనే బహిరంగంగా చెప్పండి, నిర్ణయానికి అది ఆధారం కాదని సభ్యులు నమోదు చేయించండి. దాచిపెట్టి తర్వాత బయటపడితే పోయే నమ్మకం తిరిగి రాదు. రాష్ట్రానికి నా విన్నపం, మెగావాట్‌కు ఇచ్చే 5,000 డాలర్లలో కొంత భాగాన్ని, ఆమోదించినా తిరస్కరించినా, దరఖాస్తును నిజాయితీగా గడువులోగా పరిశీలించిన ప్రతి టౌన్‌షిప్‌కు పరిశీలన దశలోనే ఇవ్వాలని.

ఆఖరుగా బోర్డుల్లో, ప్లానింగ్ కమిషన్‌లలో కూర్చున్న తెలుగువారికీ, కూర్చోవాలనుకునేవారికీ ఒక ఆచరణాత్మక విషయం. ఈ చట్టం కింద కంపెనీ తన బహిరంగ సమావేశానికి కనీసం 60 రోజుల ముందు టౌన్‌షిప్ ప్రధాన ఎన్నికైన అధికారికి, కలిసి మాట్లాడదామని రాతపూర్వకంగా తెలియజేయాలి. తమకు అనుగుణమైన ఆర్డినెన్స్ ఉన్నదని తెలియజేయడానికి, కంపెనీతో అలా జరిగిన భేటీ తర్వాత ఆ అధికారికి ఉండేది 30 రోజులే. ఆ గడువు జారిపోతే, ఎంతో శ్రమపడి రాసుకున్న ఆర్డినెన్స్ ఉండి కూడా కంపెనీ నేరుగా కమిషన్‌కు వెళ్లిపోవచ్చు. సూపర్‌వైజర్ పంట కోతల్లో ఉన్నా, క్లర్కు సెలవులో ఉన్నా వచ్చిన ఉత్తరాన్ని తెరిచి తేదీ వేసి బోర్డు ముందుంచే బాధ్యత ఎవరిదో మీ టౌన్‌షిప్ తదుపరి సమావేశంలోనే తీర్మానం చేయించండి.